రేవు గోడ మీది మధ్యాహ్నం

జనవరి 5, ఆదివారం

నాలుగు సెకన్లలో మనిషి ఒక మైలు దారి తప్పగలడని నీకు తెలుసా? కళ్ళు రెండుసార్లు ఆర్పేలోగా అయిపోయే నాలుగు సెకన్లు! తెలియదు కదూ? తెలియకుండానే పద్నాలుగు మంది ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని నడిసముద్రంలో నిలబడతావా?

ఈ ఉదయం ప్రసంగం ఈ ప్రశ్నతోనే ఎత్తుకున్నాను. ప్రార్థన హాలు ఊపిరి బిగబట్టింది. కావలివాడు మత్తులో ఉంటే మంద గతి ఏమవుతుందో చెప్పాను. మొదట నాలుక మీద తియ్యగా జారి చివరికి పాములా కరిచేది ఏదో చెప్పాను. మూడో వరసలో చెల్లెలు కూర్చుంది, పక్కన దాని కొడుకు. నా మేనల్లుడు, ఈమధ్య పగడపు దిబ్బకి కొట్టుకుని మునిగిన ఓడకు మేటు, దారి లెక్క కట్టే అధికారి. నేను వాడి పేరెత్తలేదు. ఎత్తే పని లేకుండానే తలలన్నీ అటు తిరిగాయి. వాడు తల వంచుకున్నాడు. తప్పు చేయనివాడు తల ఎందుకు వంచుతాడు?

ఛీ! ఈ చేతుల్లో పెరిగినవాడు. బావ పోయాక వాడికి అక్షరమూ అంకెలూ లేఖనమూ నేర్పింది నేను.

హాలు వదిలాక చెల్లెలు నా వంక చూడకుండా వెళ్ళిపోయింది. సత్యం ఎవరికి రుచిస్తుంది?

జనవరి 7, మంగళవారం

రేవు కచేరీలో విచారణ మొదలైంది. వెళ్ళి వెనక బెంచీలో కూర్చున్నాను. ఆ గదిని తలచుకుంటే ఇప్పటికీ వికారంగా ఉంది. చెమట, తడి కాగితాలు, సిరా. ఓడ యజమాని అగ్గిపుల్లతో పళ్ళు కుట్టుకుంటూ, కుట్టిన పుల్లని చూసుకుంటూ, దాన్ని జేబులో పెట్టుకుంటూ కూర్చున్నాడు. ఓడతో పాటు మునిగిపోయిన వంటవాడి పేరు చదివినప్పుడు కూడా ఆ పుల్ల ఆగలేదు.

విచారణ అధ్యక్షుడు ముక్కుతో మాట్లాడతాడు. ముందు మేనల్లుణ్ణి నిలబెట్టాడు.

"మీ లెక్క ప్రకారం ఓడ ఎక్కడుంది?"

"పగడపు దిబ్బకి తూర్పుగా ఇరవై మూడు మైళ్ళండి."

"నిజంగా ఎక్కడుంది?"

"దిబ్బ మీదండి."

యజమాని పక్కనున్నవాడు కిసుక్కున నవ్వాడు. వంటవాడి పెళ్ళాం ముందు వరసలోనే ఉంది.

"రెండు రోజులు మబ్బు పట్టి, మధ్యాహ్నం ఒక్కపూటే సూర్యుడు కనిపించాడన్నారు. అదే లెక్క. బాగుంది. ఆ లెక్క ఎవరిది?"

"నాదేనండి."

"ఎక్కడ నేర్చుకున్నారు?"

"పుస్తకాలు చూసి, నాకు నేనే."

పుస్తకాలు చూసి! రేవు గోడ మీద వాడి చేతికి మొదటిసారి సూర్యుడి ఎత్తు కొలిచే సెక్స్‌టెంట్ ఇచ్చిందెవరు? సూర్యుణ్ణి అద్దంలో దించి సముద్రపు అంచుకి తాకించడం చూపించిందెవరు? ఇవాళ నలుగురిలో మామయ్య పేరు చెప్పడానికి నామోషీ! కోడి కూయకముందే మూడుసార్లు ఎరగనన్నవాడు కనీసం ఆ తర్వాత ఏడ్చాడు. వీడి కంట చుక్క లేదు.

అధ్యక్షుడు కాగితాలు మూస్తూ, "తాగకుండా ఇరవై మూడు మైళ్ళు తప్పడం ఎలాగో మేటుగారే చెప్పాలి" అన్నాడు. వాడు "తాగలేదండి" అన్నాడు, అంతే. ఇరవై ఒకటో తారీఖు పదకొండింటికి తీర్పు మీద సంతకాలు. అప్పటికి వేరే సాక్ష్యం రాకపోతే వాడి సర్టిఫికెట్ రద్దు. ఇక ఏ ఓడా ఎక్కలేడు. కాగితం మీద కారణం కూడా రాస్తారట: మద్యం.

నా లెక్క ఇక్కడ రాసిపెడుతున్నాను. రేపు ఎవడైనా అడిగితే తడుముకోకూడదు. సూర్యుడు నడినెత్తికి వచ్చిన క్షణం పట్టుకుంటే, ఓడ గడియారంతో పోల్చి మనం తూర్పు పడమరల్లో ఎక్కడున్నామో చెప్పవచ్చు. కానీ ఆ క్షణం చిక్కదు. నడినెత్తిన సూర్యుడు చాలాసేపు ఎక్కడు, దిగడు. అందుకని మధ్యాహ్నానికి గంట ముందు ఒక ఎత్తు చూసి వేళ రాసుకో. తర్వాత మళ్ళీ సరిగ్గా అదే ఎత్తుకి దిగినప్పుడు వేళ రాసుకో. రెంటికీ నడిమి వేళే అసలు మధ్యాహ్నం. చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. ఒక పేజీ. పైన నా చేత్తో "సూర్యుడు అబద్ధమాడడు" అని రాసి సైక్లోస్టైల్ కాపీలు తీయించాను. ఈ రేవులో పదకొండు ఓడల మీద ఉంది ఆ కాగితం.

గడియారాలు బాగుచేసుకునేవాణ్ణి, ఏ కాలేజీ గడపా తొక్కనివాణ్ణి, ఇంతటి సంగతి తేటగా చెప్పగలిగాను. అది నా గొప్ప కాదు, పైవాడిది.

జనవరి 8, బుధవారం

కొట్టు మూసి రేవు గోడ చివరికి వెళ్ళాను. పదకొండుకోసారి, ఒంటిగంటకోసారి సూర్యుణ్ణి కొలిచాను. లెక్క తేడా ఒక మైలు లోపే. కాగితం సరైనదే.

జనవరి 9, గురువారం

మళ్ళీ రేవు గోడ. తేడా అర మైలు. కాగితం సరైనదే. కాబట్టి వాడు తాగాడు.

జనవరి 10, శుక్రవారం

మేనల్లుడు కొట్లోకి వచ్చాడు. భూతద్దం కంటికి పెట్టుకుని ఓ స్ప్రింగు సరిచేస్తున్నాను. తలెత్తలేదు.

"మామయ్యా, నేను తాగలేదు."

"నాకెందుకు చెప్తున్నావ్? పైవాడికి చెప్పుకో."

"ఆయనకి తెలుసు. తెలియంది మీకే."

ఎంత పొగరు! భూతద్దం తీశాను. మనిషి సగమయ్యాడు. దిబ్బ కోసిన గాయం మోచేతి మీద ఇంకా పచ్చిగా, చీము పట్టి ఉంది. ముఖం తిప్పుకున్నాను.

"మరి ఇరవై మూడు మైళ్ళు ఎక్కడికి పోయాయిరా? గడియారం నేనే సరిచేసిచ్చాను. రెండు సెకన్లు కూడా తప్పదు."

"గడియారం తప్పలేదు."

"కళ్ళు తప్పాయా?"

"లేదు. ఓడ నడుస్తోంది మామయ్యా." మెల్లగా, చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. "మీరు ఎప్పుడైనా నడిచే ఓడ మీద ఈ లెక్క కట్టారా?"

"సూర్యుడికి నీ ఓడ నడిస్తేనేం, పడుకుంటేనేం?"

వాడు బల్ల మీదున్న గోడగడియారం ముల్లు ఒకటి సరిచేసి పెట్టి వెళ్ళిపోయాడు. నేను ముట్టుకోవద్దన్న గడియారం అది.

సాకులు! మొదటి మనిషి ఆడదాని మీద నెట్టాడు, ఆడది పాము మీద నెట్టింది, వీడు ఓడ మీద నెడుతున్నాడు.

జనవరి 11, శనివారం

రేవు గోడ. తేడా ముప్పావు మైలు. సరైనదే.

జనవరి 12, ఆదివారం

యుద్ధం గెలిచేదాకా సూర్యుణ్ణి ఆగమన్న సేనాని మీద ప్రసంగం. ప్రతి మధ్యాహ్నం సూర్యుడు మనకోసం కాసేపు ఆగుతాడనీ, పశ్చాత్తాపపడడానికి పైవాడిచ్చే గడువు అదేననీ చెప్పాను. ఇది నా మంచి ప్రసంగాల్లో ఒకటి. ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు.

మూడో వరస ఖాళీ.

వాడన్న మాట ఒకటి రోజంతా ముల్లులా గుచ్చుతోంది. నడిచే ఓడ మీద. నిజమే, నేను ఓడెక్కలేదు. ఎక్కాల్సిన అవసరమేముంది? వైద్యుడు ప్రతి రోగమూ తెచ్చుకుంటాడా?

జనవరి 14, మంగళవారం

రేవు గోడ. సరైనదే. సరైనదే. ఇరవై ఏళ్ళుగా సరైనదే.

రేపు దీవికి పోయే లాంచీ ఎక్కుతాను. వాడి నోరు మూయించడానికే. మరెందుకూ కాదు.

జనవరి 15, బుధవారం

ఇంత నీచమైన రోజు నా జన్మలో లేదు.

పదింటికి బయల్దేరాం. లాంచీ ఇసుక మేట తిరిగి, అక్కణ్ణుంచి గంటకి తొమ్మిది మైళ్ళ చొప్పున నేరుగా ఉత్తరానికి పోతుంది. డీజిల్ పొగ, ఎండు చేపల బుట్టలు, ఎవరో చంటిదాని ఉచ్చగుడ్డలు. ఇసుక మేట దాటగానే నా కడుపు తిరగబడింది. ముప్పై ఏళ్ళుగా సముద్రం గురించి ప్రసంగాలు చేసినవాణ్ణి, సముద్రం మీద గంట నిలవలేకపోయాను.

"అయ్యగారూ, తల కమ్మీల అవతల పెట్టండి. డెక్కు ఇప్పుడే కడిగాం" అన్నాడు టికెట్లు కొట్టేవాడు.

పైనుంచి లాంచీ నడిపే సరంగు అందుకున్నాడు. "ఊరుకోరా. పెద్దాయన చేప మింగిన ప్రవక్త కథ చెప్పబోతున్నారు."

"ఆ కథలో కక్కింది చేప కదన్నా? ప్రవక్త కాదుగా!"

డెక్కంతా నవ్వింది. నవ్వనీ. మూతి తుడుచుకుని సెక్స్‌టెంట్ తీశాను. పదకొండు దాటాక నా గడియారం ఆ టికెట్లవాడి చేతికిచ్చి, నేను "ఇప్పుడు" అనగానే సెకన్లతో సహా చదవమన్నాను. వేళాకోళం మానేసి, రెండు చేతుల్తో గుడ్డు పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. చదివాడు. రాశాను. కక్కాను.

నడిమధ్యాహ్నం వేళకి దీపస్తంభం పక్కనుంచి పోయాం. రాయి విసిరితే తగిలేంత దగ్గర. దాని తెల్లసున్నం పెచ్చులూడడం కూడా కనిపిస్తోంది. పటంలో దాని రేఖాంశం అచ్చువేసి ఉంది, మారదు.

తర్వాత సూర్యుడు దిగి మళ్ళీ అదే ఎత్తుకి వచ్చాడు. "ఇప్పుడు!" వాడు చదివాడు. చేపల బుట్ట మీద కాగితం పెట్టి లెక్క కట్టాను. మళ్ళీ కట్టాను. మూడోసారి కట్టాను.

నా కాగితం ప్రకారం మధ్యాహ్నం వేళ మేం ఆ దీపస్తంభానికి ఇరవై ఒక్క మైళ్ళు తూర్పున ఉండాలి.

"ఏం తేలింది అయ్యగారూ?" అన్నాడు టికెట్లవాడు.

"నీ గడియారం చదవడం తప్పు" అన్నాను.

వాడి ముఖం చిన్నబోయింది. "తప్పు చదవలేదండీ. ఒట్టు" అన్నాడు. అప్పుడే, ఆ ముఖం చూస్తుండగానే, నాకు అర్థమైంది. ఎంత తేలిక! ఈ నెలల్లో సూర్యుడు దక్షిణాన ఉంటాడు. నువ్వు ఉత్తరానికి పరుగెత్తుతున్నావు. సూర్యుణ్ణి వెనక వదిలి పారిపోయేవాడికి సూర్యుడు తొందరగా కుంగుతాడు. రెండో వేళ రావలసినదానికంటే ముందే వచ్చేస్తుంది. నడిమి వేళ నిమిషంన్నర ముందుకి జరుగుతుంది. నాలుగు సెకన్లకో మైలు. లెక్క నువ్వే కట్టుకో. ఆ మునిగిన ఓడా ఆ రోజు ఉత్తరానికే పోతోంది.

రేవు గోడ నడవదు. ఇరవై ఏళ్ళు దాని మీద నిలబడి సముద్రానికి పాఠం చెప్పాను.

జనవరి 16, గురువారం

చొక్కా రెండుసార్లు ఉతికాను. వాంతి వాసన పోలేదు.

జనవరి 17, శుక్రవారం

శాంతంగా ఆలోచించాలి.

ఒకటి, వాడు మేటు. కాగితం ఎవడిచ్చినా చూసుకోవలసింది వాడు. లోతు కొలవవలసింది. రెండో సంగతి, నేను అబద్ధం చెప్పలేదు, తెలియక చెప్పాను. తెలియక చేసినవాడికి తక్కువ దెబ్బలని లేఖనమే అంటుంది. ఆ పైన, హాలు సంగతి చూడాలి. ఎనభై కుటుంబాలు. గొర్రెల కాపరిని కొడితే మంద చెదిరిపోతుంది. నా పేరు పోతే నాది కాదు పోయేది, వాక్యం పరువు.

ఎంత బాగా రాశాను! చదువుకుంటుంటే నా చేతిరాత మీదే ఉమ్మెయ్యాలనిపిస్తోంది. యజమాని పుల్ల కంటే ఇది అసహ్యం. వాడు పళ్ళలో ఇరుక్కున్నదే తీశాడు. నేను లేఖనంతో పళ్ళు కుట్టుకుంటున్నాను.

జనవరి 19, ఆదివారం

గొంతు బాగాలేదని ప్రసంగం మానేశాను. గొంతుకేమీ కాలేదు.

జనవరి 20, సోమవారం

మధ్యాహ్నం చెల్లెలు కొట్లోకి వచ్చింది. పదిహేను రోజుల తర్వాత. కూర్చోమంటే కూర్చోలేదు.

"అన్నయ్యా, నిన్నొకటి అడుగుతాను. అడ్డదిడ్డంగా వాక్యాలు చెప్పకు. అవునో కాదో చెప్పు. వాడు తాగాడని నువ్వు నమ్ముతున్నావా?"

"విచారణలో..."

"విచారణ సంగతి నాకెందుకు? నీ నోటి సంగతి అడుగుతున్నా."

అది చేతిసంచిలోంచి ఓ కాగితం తీసి గడియారాల మధ్య పెట్టింది. ఉప్పునీళ్ళలో తడిసి, ఎండి, అప్పడంలా బిరుసెక్కిన కాగితం. సిరా పాకినా పైన వాక్యం తెలుస్తోంది. సూర్యుడు అబద్ధమాడడు. కింద అంచున వాడి చేత్తో పెన్సిల్ గీతలు, ఆ మధ్యాహ్నం రెండు వేళలు, సెకన్లతో సహా. నా లెక్క నేను చెప్పినట్టే, పొల్లుపోకుండా కట్టాడు.

"ఒంటి మీద చొక్కా కూడా సరిగ్గా లేకుండా ఈదుకుంటూ వచ్చాడు. ఇది మాత్రం లాగు జేబులో దాచుకొచ్చాడు. విచారణలో ఇదొక్కటి చూపిస్తే చాలుగా, తాగినవాడి రాత ఇలా ఉండదుగా అన్నాను. ఏమన్నాడో తెలుసా?"

"ఏమన్నాడు?"

"'చూపిస్తే మామయ్య హాలు మూసుకోవాలమ్మా. ఆ ముసలాయనకి అది తప్ప ఇంకేముంది' అన్నాడు." కాగితాన్ని నావైపు తోసింది. "నేనిది వాడికి తెలియకుండా తెచ్చాను. వాడు నిన్ను కాపాడుతూ తాగుబోతయ్యాడు. నువ్వేమో పైకెక్కి వాడి మీదే ప్రసంగం చేశావు. చిన్నప్పుడు కూడా ఇంతే నువ్వు. కుండ నువ్వు పగలగొట్టి, పిల్లి పగలగొట్టిందని దానికోసం ప్రార్థన చేసేవాడివి."

నాకు నవ్వొచ్చింది. అలాంటప్పుడు నవ్వు! దానికీ వచ్చింది, కానీ మింగేసింది.

"వంటవాడి పెళ్ళాం రోజూ మా గుమ్మం ముందు నుంచే నీళ్ళకి పోతుంది. వాణ్ణి చూసి నేల మీద ఉమ్మి పోతుంది. రేపు పదకొండు తర్వాత ఊరంతా ఉమ్ముతుంది. నేను చెప్పాల్సింది చెప్పాను. నీ వాక్యం నీకే వదిలేస్తున్నా" అని వెళ్ళిపోయింది.

కాగితం ఇక్కడే వదిలి వెళ్ళింది. బల్ల మీదున్న ఇరవై గడియారాలూ టిక్కుమంటున్నాయి. ఒక్కటీ తప్పు లేదు. అన్నీ నేను సరిచేసినవే.

జనవరి 21, మంగళవారం

తొమ్మిదింపావు. నీళ్ళు పోసుకున్నాను. ప్రార్థనకి మోకరించాను. మూడు నిమిషాల్లో లేచాను. అది కూడా వాయిదా వేసుకోవడమేనని మోకాళ్ళు ముందే చెప్పాయి.

నిన్న సాయంత్రం నుంచీ అధ్యక్షుడితో ఎలా మొదలుపెట్టాలా అని మాటలు పేరుస్తున్నాను. "గౌరవనీయులైన" అని మొదలై, లేఖనం మీదుగా, నా వినయం మీదుగా తిరుగుతున్నాయవి. నా తప్పు చెప్పుకోవడానికి కూడా చప్పట్లు కావాలి నాకు! ఛీ, ముసలోడా, ప్రసంగం అక్కర్లేదక్కడ. నాలుగు ముక్కలు చాలు. ఈ లెక్క నాది. నిలబడ్డ చోట సరిపోతుంది, నడిచే ఓడ మీద తప్పు. బుధవారం లాంచీ మీద నేనే చూశాను, టికెట్లవాడు సాక్షి. మేటు తాగలేదు, నన్ను నమ్మాడు.

తర్వాత అదే గదిలో వంటవాడి పెళ్ళాం వైపు తిరిగి కూడా ఇవే ముక్కలు చెప్పాలి. ఆవిడ ఉమ్మితే తుడుచుకోకూడదు.

ఆ తర్వాత వాడి ముందు. వాడి ముందు ఏమనాలో తెలియదు. తెలిసేదాకా ఆగితే ఇంకో ఇరవై ఏళ్ళు పడుతుంది.

హాలు ఉంటుందో పోతుందో వచ్చే ఆదివారం చూసుకోవచ్చు. వచ్చే ఆదివారానికి చాలా టైముంది. పదకొండుకి లేదు. మిగతా పది ఓడల్లో రెండు ఈ మధ్యాహ్నం ఉత్తరానికే లంగరెత్తుతున్నాయి, నా కాగితం వాటి పటాలుండే చార్టుగదిలో అంటించి ఉంది. కచేరీ నుంచి నేరుగా రేవుకి పరుగెత్తాలి, వాళ్ళ కళ్ళముందే పీకి చింపాలి.

తొమ్మిది నలభై. ఇంకా రాస్తున్నావేం? లే! ఆ ఉప్పు కాగితం జేబులో పెట్టుకో. చెప్పులు వెతకకు, వట్టి కాళ్ళతోనైనా నడు. ఇవాళే, ఈ పూటే, సంతకం పడకముందే చెప్పు. కలం కింద పెట్టి బయల్దేరు!